ఆనవాలు నుంచి ఆధార్ వరకు: భద్రాచలం అటవీ సరిహద్దులో కుటుంబాల గుర్తింపు తనిఖీ

వ్యాససంగ్రహం

కుటుంబంతో కలిసి విహారానికో, పుణ్యక్షేత్రానికో బయలుదేరినవారిని ద్వారం దగ్గర నిలిపి గుర్తింపు పత్రం అడగడం నేడు సాధారణ విషయం. అయితే అన్ని ద్వారాల దగ్గరా అడిగే ప్రశ్న ఒకటి కాదు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని పర్ణశాల, పాపికొండల పడవరేవు, ఆర్టీసీ బస్సు, గుత్తికోయల గూడేలు ఆధారంగా ఆ ప్రశ్నల్లోని భేదాన్ని, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయినప్పుడు కుటుంబాలకు ఎదురయ్యే చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఆనవాలు, గుర్తింపు పత్రం, ఆధార్, పాపికొండలు, ఎటపాక, మహాలక్ష్మి పథకం, గుత్తికోయలు.

1. ఉపోద్ఘాతం

కొత్త మనిషి కనబడితే తెలుగువారు మొదట అడిగేది ఊరు, ఆ తరువాత పేరు. "ఊరూ పేరూ లేనివాడు" అన్న పలుకుబడిలో ఊరే ముందు నిలిచింది. గుర్తింపు తనిఖీలన్నీ ఈ జంట ప్రశ్నకు విస్తరణలే. నేటి వ్యవస్థ దానికి మూడో ప్రశ్నను చేర్చింది. ఎవరు, ఎక్కడివారు అన్న రెండింటితో పాటు ఎందరు అని కూడా అడుగుతుంది.

వినోద పార్కుల ద్వారాల దగ్గర ఈ ప్రశ్నల వేర్పాటు స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో టిక్కెట్టుకు సందర్శకుని వేలిముద్రను జతపరుస్తారు. అక్కడ పౌరసత్వంతోగాని, చిరునామాతోగాని పని లేదు. మొదటి రోజు వచ్చిన మనిషే రెండో రోజు కూడా వచ్చాడా, టిక్కెట్టు చేతులు మారిందా అన్నదే వారికి కావలసింది. హైదరాబాద్ శివార్లలోని వండర్‌లాలో పిల్లల టిక్కెట్టును వయస్సు బట్టి కాక ఎత్తు బట్టి నిర్ణయిస్తారు. కొలబద్ద దగ్గర నిలబడిన పిల్లవాడికి పుట్టిన తేదీ పత్రంతో అవసరం లేదు. సవారీలో వేసే పట్టీ అతని శరీరానికి సరిపోవాలి కనుక ఆ ప్రశ్నకు శరీరమే సమాధానం. తనిఖీ తన ప్రయోజనానికి మించి ఒక్క వివరమైనా అడగని సందర్భానికి ఇది మంచి ఉదాహరణ. భద్రాచలం పరిసరాల్లో పరిస్థితి ఇంత సులభంగా లేదు.

2. పర్ణశాల: వేషం, గుర్తు, రహస్యం

భద్రాచలం వచ్చిన యాత్రికులు తప్పక చూసే స్థలాల్లో దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల ఒకటి. సీతాపహరణం ఇక్కడే జరిగిందని స్థలపురాణం. ఆ కథకు మూలం ఒక గుర్తింపు వైఫల్యం. వచ్చినవాడు సన్యాసి వేషంలో ఉన్నాడు. వేషాన్నే ప్రమాణంగా తీసుకోవడం వల్ల గీత దాటడం జరిగింది.

ఈ అనుభవం సుందరకాండలో సీత ప్రవర్తనను నిర్ణయించింది. హనుమంతుడు ఎదుట నిలిచినప్పుడు ఆమె వెంటనే నమ్మలేదు, రావణుడే మళ్లీ రూపం మార్చుకొని వచ్చాడని శంకించింది. రాముని దేహలక్షణాలు చెప్పమంది. హనుమంతుడు వాటిని వివరించిన తరువాతనే రాముని పేరు చెక్కిన ఉంగరం ఆమె చేతికి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆమె చూడామణి ఇచ్చింది, తనకూ రామునికీ మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతాన్ని కూడా చెప్పి పంపింది. దేహచిహ్నం, వస్తువు, రహస్యం అనే ఈ మూడూ నేటి గుర్తింపు శాస్త్రంలో వేలిముద్ర, కార్డు, సంకేతపదం అన్న పేర్లతో కొనసాగుతున్నాయి. ఆనవాలు అన్న తెలుగు మాట ఈ మూడింటికీ చెల్లుతుంది. ధ్రువీకరణ పత్రం అన్న మాటలో ఆ విస్తృతి లేదు.

ఇందులో గమనించవలసిన మరో విషయం, రామాయణంలో ఆనవాలు పరస్పరం కావడం. అడిగిన సీత తన ఆనవాలును కూడా ఇచ్చింది. నేటి ద్వారాల దగ్గర ఇచ్చేవారు ఒకవైపే ఉంటారు.

రామదాసు కథలోనూ గుర్తింపు ప్రసక్తి ఉంది. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకొని వచ్చిన ఇద్దరు బంట్లు తానీషాకు పైకం చెల్లించి రసీదు తీసుకున్నారని ఐతిహ్యం. వచ్చినవారెవరో ఎవరూ నిరూపణ అడగలేదు. లెక్క సరిపోయింది, రసీదు చేతికి వచ్చింది. పాలన పక్షాన ఆ రాత్రి అడిగిన ప్రశ్న ఎంత అన్నదే తప్ప ఎవరు అన్నది కాదు.

3. పోచవరం రేవు: ఎందరు?

భద్రాచలం వైపు నుంచి పాపికొండల విహారానికి వెళ్లే కుటుంబాలు రోడ్డు మార్గాన వరరామచంద్రాపురం మండలంలోని పోచవరం చేరి పడవ ఎక్కుతాయి. ఈ కొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. పడవ ఎక్కే ముందు పేర్లు, వివరాలు నమోదు చేయడం విసుగు కలిగించే తంతుగా కనిపించవచ్చు. దాని వెనుక ఉన్న కారణం తెలిస్తే ఆ అభిప్రాయం నిలవదు.

2019 సెప్టెంబర్ 15న గండి పోచమ్మ ఆలయం దగ్గర బయలుదేరిన రాయల్ వశిష్ఠ పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగింది. హైదరాబాద్, వరంగల్, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు అందులో ఉన్నాయి. మొదటి రోజుల్లో పడవలో ఎందరున్నారన్నదే తేలలేదు, వేర్వేరు అంకెలు వినిపించాయి. చివరకు 77 మందిగా తేలగా, వారిలో 26 మంది బయటపడ్డారు. పడవను నది నుంచి వెలికి తీసేసరికి ఐదు వారాలు దాటింది. ఆ కాలమంతా ఒడ్డున నిలబడిన బంధువులకు తమవారు ఆ పడవ ఎక్కారని చూపించే జాబితాయే మొదటి అవసరమైంది.

తరువాత పర్యాటక పడవలు చాలాకాలం నిలిచిపోయాయి. నదీతీరంలో కంట్రోల్ రూములు నెలకొల్పి, ప్రయాణికుల నమోదును కట్టుదిట్టం చేసి 2021లో వాటిని తిరిగి అనుమతించారు. ఇక్కడ గుర్తింపు పత్రం కాపలా కోసం కాదు. ప్రమాదం జరిగితే వెతకవలసినవారు ఎందరో, ఎవరికి కబురు పంపాలో తెలియడం కోసం. చంకలో పసిపిల్లను ఎత్తుకొన్న తల్లిని పిల్ల పేరు కూడా అడగడానికి కారణమిదే. టిక్కెట్టు లేని పిల్ల జాబితాలో లేకుండా పోకూడదు.

విహారపు పడవకు ఏర్పడిన ఈ శ్రద్ధ ఊరి లాంచీకి ఏనాడూ అంతగా దక్కలేదు. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు వద్ద మునిగిన లాంచీలో ఉన్నవారు ఎక్కువగా సంత, బ్యాంకు, ఆఫీసు పనులు చూసుకొని ఇళ్లకు మళ్లిన గిరిజనులు. అప్పుడు కూడా ఎందరు ఎక్కారన్న ప్రశ్నకు తక్షణ సమాధానం దొరకలేదు.

4. ఎటపాక: ఎక్కడివారు?

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. కండక్టరు జీరో టిక్కెట్టు ఇవ్వాలంటే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. పాన్ కార్డు చెల్లదు, ఎందుకంటే దాని మీద చిరునామా ఉండదు. ఈ నియమాన్ని బట్టి తనిఖీ స్వభావం తేలిపోతుంది. కార్డు మీద ఫోటో ఉంది, పేరు ఉంది, మనిషి ఎదురుగా ఉంది. ఎవరు అన్నదానికి సమాధానం పూర్తిగా దొరికినా అది చాలదు. బస్సులో అడుగుతున్నది ఊరు.

రాష్ట్రం నడిమధ్యలో ఈ ప్రశ్న ఎవరినీ ఇబ్బంది పెట్టదు. భద్రాచలంలో పెడుతుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం మండలంలో ఒక్క భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని తెలంగాణలో ఉంచారు. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. రామాలయ భూములు పురుషోత్తపట్నంలో ఉన్నాయి. దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన మాన్యం మరొక రాష్ట్రంలో ఉండటం స్థానికులు తరచు చెప్పుకొనే మాట.

ఎటపాకలో 1955లో పుట్టి, అదే ఇంట్లో నేటికీ ఉన్న వృద్ధురాలిని ఊహించుకుంటే ఊరు అన్న ప్రశ్న ఎంత జటిలమో తెలుస్తుంది. ఆమె పుట్టినప్పుడు అది ఆంధ్ర రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లా. 1956లో రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్ అయింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో ఆమె ఊరు మళ్లీ తూర్పు గోదావరికి వచ్చింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరింది. ఇల్లు కదలలేదు, కార్డు మీద చిరునామా మాత్రం కదులుతూనే ఉంది. అంతకు ముందు తరాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, 1874 వరకు ఈ ప్రాంతం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం.

ఈమె కూతురిని భద్రాచలంలోనే ఇచ్చి ఉంటే, తల్లీకూతుళ్లు ఖమ్మం బస్సు ఎక్కినప్పుడు కూతురికి జీరో టిక్కెట్టు, తల్లికి పూర్తి ఛార్జీ. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం ప్రారంభమైన తరువాత తల్లికి ఆ రాష్ట్రపు బస్సుల్లో ఉచితం దక్కింది. కాని అంతర్రాష్ట్ర సర్వీసులు ఆ పథకంలో లేవు. ఎటపాక నుంచి ఆసుపత్రికి, అంగడికి, బస్టాండుకు వెళ్లవలసింది భద్రాచలమే. రెండు పథకాలూ ఎవరినీ మోసగించలేదు, నియమం ప్రకారమే నడుస్తున్నాయి. రాష్ట్ర ఖజానా తన నివాసులకే ఖర్చు చేయడం న్యాయమే. ఒక పట్టణమూ దాని పేటలూ రెండు రాష్ట్రాలకు చెందుతాయన్న ఊహ మాత్రం ఆ నియమాల రూపకల్పనలో కనిపించదు.

5. గుత్తికోయల గూడేలు: పత్రానికి ముందున్న ప్రశ్న

పై మూడు సందర్భాల్లో కుటుంబం దగ్గర ఏదో ఒక కార్డు ఉంది. అడవి లోపలి గూడేల్లో ఆ మాట అన్నివేళలా చెప్పలేం. 2005లో దక్షిణ బస్తర్‌లో సల్వాజుడుం మొదలైన తరువాత ఆ హింసను తప్పించుకొని అనేక మురియా కుటుంబాలు అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు తరలివచ్చాయి. ఇక్కడివారు వారిని గుత్తికోయలని పిలుస్తారు. సల్వాజుడుంకు ఊతమైన ప్రత్యేక పోలీసు అధికారుల వ్యవస్థను 2011 జులై 5న నందినీ సుందర్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. వచ్చినవారిలో చాలామంది మాత్రం ఇక్కడే నిలిచిపోయారు.

వారికి అడ్డుపడేవి రెండు తేదీలు, ఒక సరిహద్దు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి భూమి తమ స్వాధీనంలో ఉన్న షెడ్యూల్డు తెగలవారికి హక్కు ఇస్తుంది. జుడుం భయంతో వచ్చిన కుటుంబాల్లో అనేకం ఆ తేదీ తరువాతనే ఇక్కడికి చేరాయి. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. దాని పునాది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. ఒక రాష్ట్రంలోని తెగ హోదా మరో రాష్ట్రానికి వలసపోయినవారితో పాటు రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులోని వాది కూడా తెలుగు ప్రాంతం నుంచి బొంబాయి వెళ్లినవాడే. కనుక సరిహద్దుకు అవతల గిరిజనుడైన మనిషి ఇవతల అధికారికంగా గిరిజనుడు కాడు.

కోయల మధ్య గుర్తింపు అడిగే పద్ధతి ఇది కాదు. ఇద్దరు కలిసినప్పుడు ఏ గట్టు, ఏ వేల్పు అని అడిగి, బాంధవ్యం ఉందా, పెండ్లి సంబంధానికి వీలుందా తేల్చుకుంటారు. ఈ ప్రశ్నలో జిల్లా లేదు, రాష్ట్రం లేదు. దీనికి సమాధానం పత్రంలో ఉండదు, పెద్దల నోట ఉంటుంది. కుల ధ్రువీకరణ కోసం తహసీల్దారు కార్యాలయంలో అడిగే ప్రశ్నకూ దీనికీ పొంతన కుదరదు.

ఈ వ్యత్యాసం పిల్లల దగ్గర తీవ్రమవుతుంది. గూడెంలోనే కాన్పు జరిగితే జననం నమోదు కావడం కష్టం. ఐదేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే ఆధార్ ఇస్తారు, కాని అందుకు తల్లి లేదా తండ్రి ఆధార్‌తో పాటు సంబంధాన్ని చూపే ఆధారం కావాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ వయస్సు రుజువు లేదన్న కారణంతో ఏ పిల్లనూ బడిలో చేర్చుకోకుండా పంపరాదని చెబుతుంది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ఆ ఏడాది అక్టోబర్ 1న అమలులోకి వచ్చింది. ఆ తేదీ తరువాత పుట్టినవారి పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే రుజువని, బడిలో చేరడానికీ అదే ఆధారమని దాని నిబంధన. రెండు చట్టాలూ అమలులో ఉన్నాయి. ఈ సవరణ వర్తించే మొదటి పిల్లలు ఒకటో తరగతి వయస్సుకు వచ్చేది 2029లో.