రాతిలో నూనె పండిందా, మాడిందా?

రాతినూనె భూమిలో చెరువులా నిలిచి వుంటుందని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికది పుట్టేది రాతిపొరలోనే. కోట్ల యేండ్ల క్రిందట సముద్రపు అడుగున నాచు వంటివి బురదతోపాటు అణిగిపోయాయి. ఆ బురద గట్టిపడి షేలు రాయి అయితే, యీ అవశేషాలు కెరోజెన్ అనే ఘనపదార్థంగా అందులో మిగిలాయి. పొర లోతుకు దిగినకొద్దీ భూమి వేడికి కెరోజెన్ పక్వమై నూనె అవుతుంది. వేడి చాలకుంటే పచ్చి. మించితే నూనె కాస్తా వాయువైపోతుంది. బెల్లం పాకం పట్టే ఇల్లాళ్ళకు ఇంతకన్న చెప్పనక్కరలేదు.

అయితే మైళ్ళ లోతున వున్న పాకాన్ని గరిటెతో తీసి చూసేదెలా? 1927 సెప్టెంబరు 5వ తేదీన ఫ్రాన్సులోని పెషెల్‌బ్రాన్‌లో ష్లంబర్జే సోదరుల బృందం నూనె బావిలోకి తీగ దింపి, రాళ్ళ విద్యున్నిరోధాన్ని కొలిచింది. నేటికీ బావి తవ్వినచోటల్లా యీ కొలత తీస్తూనే వున్నారు.

షేలు రాతి సన్నని రంధ్రాల్లో వుండేది ఉప్పునీరు. అందులో విద్యుత్తు సులువుగా పారుతుంది, నూనెలో పారదు. కెరోజెన్ నూనెగా మారినకొద్దీ ఆ నూనె నీటిని బయటికి నెడుతుంది, నిరోధం పెరుగుతుంది. అమెరికాలోని ఉత్తర డకోటాలో బాకెన్ షేలు దీనికి పేరుపొందిన ఉదాహరణ. తక్కువ లోతున స్వల్పంగా వున్న నిరోధం, లోతు పోగా అమాంతం ఎగబాకడాన్ని 1978లో మైస్నర్ గుర్తించి, అది నూనె పుట్టుకకు ఆనవాలన్నాడు. 1990లో ష్మోకర్, హెస్టర్ అనేవారు అక్కడ 35 ఓమ్ మీటర్లను హద్దుగా పెట్టారు: అది దాటితే నూనె తయారవుతున్నట్టు లెక్క. ఆ హద్దు వారు పరిశీలించిన షేళ్ళదే సుమా! మరో షేలుకు అతికించరాదు.

చిక్కు మరొకటుంది. వేడి బాగా మించితే మిగిలిన కర్బనం పెన్సిలు ముల్లులోని గ్రాఫైటు వంటిదై, తానే విద్యుత్తును పారనిస్తుంది. నిరోధం మళ్ళీ పడిపోతుంది. అంటే మాడిన షేలు కాగితంమీద పచ్చిదానిలా కనబడుతుంది! పైరైటు ఖనిజం ఎక్కువైనా అంకె దిగుతుంది. సున్నపురాయి పాలు హెచ్చితే నూనె లేకున్నా ఎక్కుతుంది. ఒక్క అంకెను నమ్మి అంత డబ్బు పోసి బావి తవ్వేవాణ్ణి తెలివిగలవాడని నేననను.

అందుకే రాతి ముక్కను పైకి తెచ్చి, అందులోని విట్రినైట్ అనే పాతకాలపు కొయ్య నలుసును నునుపుచేసి, సూక్ష్మదర్శినిలో దాని మెరుపు కొలుస్తారు. పడిన వెలుగులో సుమారు 0.6 శాతం తిప్పికొడితే నూనె మొదలైనట్టు, 1.3 దాటితే నూనె దశ ముగిసినట్టు. 3 దాటినచోట నిరోధం తక్కువగా కనబడితే, అది పచ్చిదనమని పొరబడకూడదు. యానాం వున్న కృష్ణా గోదావరి బేసిన్‌లో నూనెకు, వాయువుకు తల్లిరాయిగా చెప్పే రాఘవాపురం షేలుకైనా యీ రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి చూడవలసిందే.