అల్ఫారెట్టాలో సైకిలు: వ్యాయామమా, ప్రయాణమా?

అమెరికాలో సైకిలును కారు వెనుక కట్టుకుని పార్కు దాకా వెళ్ళి, అక్కడ తొక్కి, మళ్ళీ కారులోనే ఇల్లు చేరడం మామూలు. అదే సైకిలుపై కూరగాయలకో గ్రంథాలయానికో వెళ్ళడం అరుదు. ఎందుకని? అట్లాంటాకు ఉత్తరాన, తెలుగువారు చాలామంది స్థిరపడిన అల్ఫారెట్టాను చూస్తే జవాబు కొంత తెలుస్తుంది.

ఇక్కడ వాగు వెంట చెట్ల నీడన సాగే బిగ్ క్రీక్ గ్రీన్‌వేలో కార్ల బెడద లేదు. కానీ వాగు పల్లం వెంట పోతుంది తప్ప బడినీ కొట్టునూ వెతుక్కుంటూ పోదు. ప్రయాణానికి కావలసింది గమ్యాలను కలిపే దారి. ఊరి నడిబొడ్డును అవలాన్ వంటి వాణిజ్య కేంద్రాలతో కలిపే ఆల్ఫా లూప్ ఉద్దేశం అదే.

వైద్యుడిగా నాకు ఈ తేడా ముఖ్యం. దక్షిణాసియావారికి తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది. అందుకే మధుమేహ పరీక్షల విషయంలో అధిక బరువుకు హద్దు ఇతరులకు బి.ఎం.ఐ. 25 అయితే, ఆసియా మూలాలవారికి 23. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకోగలదు. బ్రిటన్‌లో రెండున్నర లక్షలమందికి పైగా పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సైకిలుపై పనికి వెళ్ళేవారిలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్యవంతులే సైకిలు ఎక్కువగా ఎక్కుతారేమో కనుక, ఇదంతా సైకిలు మహిమే అనలేం. అయితే తీరిక లేనప్పుడు వ్యాయామం మానేస్తాం, పనికి వెళ్ళడం మానం. ప్రయాణంలో కలిసిపోయిన శ్రమకున్న బలం అదే.

సగటు పెట్రోలు కారు మైలుకు సుమారు 400 గ్రాముల కార్బన్ డయాక్సైడు వదులుతుంది. రెండు మైళ్ళ దూరంలోని కొట్టుకు వెళ్ళివస్తే 1.6 కిలోలు.

మరి అడ్డంకి ఏమిటి? భయం. అది అకారణమూ కాదు. జార్జియా చట్టం సైకిలును వాహనంగానే చూస్తుంది. పెద్దలు మామూలు కాలిబాటపై తొక్కరాదు. 2021 సవరణ ప్రకారం, సైకిలును దాటే కారు వీలైతే పక్క వరుసలోకి మారాలి. లేకుంటే వేగం తగ్గించి కనీసం మూడడుగుల ఎడం ఇవ్వాలి. కార్లు 45 మైళ్ళ వేగంతో దూసుకుపోయే రోడ్డుపై ఆ మూడడుగులు చట్టానికి చాలినా, గుండె ధైర్యానికి చాలవు. కావలసింది విడి దారి.

2023లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు వెంట, సౌరఫలకాల కప్పుతో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు దారికీ ఇదే పరీక్ష: అది ఇంటినీ కొలువునూ కలుపుతోందా?

మీరు వారంలో తరచుగా వెళ్ళే రెండు మైళ్ళలోపు గమ్యాన్ని ఒకదాన్ని ఎంచుకుని, దారి ఎక్కడ తెగిపోతోందో చూడండి. నగర సభ అడగవలసినది ఆ తెగిన ముక్కనే.