ఐదు రీముల కాగితం, మూడు వందల మంది పాఠకులు

గోదావరిఖనిలో పుస్తకం అచ్చు వేయించడం పెద్ద కష్టమేం కాదు. ఊళ్లోనే ఏదో ఒక డీటీపీ సెంటర్లో కూర్చుని పేజీలు కట్టించుకుని, ఫైలు హైదరాబాదుకో విజయవాడకో పంపితే కొద్దిరోజుల్లో కట్టలు ఆర్టీసీ కార్గోలో దిగుతాయి. కష్టమంతా కట్టలు దిగిన తర్వాతే. ఆవిష్కరణ సభ పెడతారు, శాలువాలు కప్పుతారు, ఓ వంద కాపీలు చేతులు మారతాయి. మిగతావి మంచం కిందికి చేరతాయి. ఎండాకాలం ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము, వానాకాలం చెమ్మ, ఏడాది పొడుగునా చెదలు. రెండేళ్లకు కట్ట విప్పి చూస్తే పుస్తకం అంచులు మసి పట్టి ఉంటాయి.

ఈ బొగ్గుబెల్టులో చిన్న ప్రచురణ సంస్థ పెట్టాలనుకునేవాళ్లు తరచూ మొదలుపెట్టేది పేరుతో, లోగోతో. మొదలుపెట్టాల్సింది లెక్కతో.

లెక్క ఇలా ఉంటుంది. 160 పేజీల కథల పుస్తకం, డెమ్మీ 1/8 సైజు అనుకుందాం. ప్రెస్సువాళ్లు పేజీలను కాకుండా ఫారాలను లెక్కపెడతారు. ఫారానికి 16 పేజీలు, కాబట్టి మన పుస్తకం పది ఫారాలు. డబుల్ డెమ్మీ షీటు రెండు వైపులా అచ్చయితే 32 పేజీలు వస్తాయి, అంటే ఒక్కో కాపీకి ఐదు షీట్లు. 500 కాపీలకు 2,500 షీట్లు. రీముకు 500 షీట్ల చొప్పున ఐదు రీములు, అదనంగా కొంత తరుగు. పేజీల సంఖ్య 16తో భాగించబడేలా చూసుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. 163 పేజీలైతే ఆ మూడు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం నడపాలి. ముందుమాటలు మూడున్న చోట ఒకటి తీసేస్తే పుస్తకానికీ మంచిది, జేబుకూ మంచిది.

ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు, మిషను సర్దే ఖర్చు రెండు వందల కాపీలకైనా రెండు వేల కాపీలకైనా ఒకటే. అందుకే ‘ఎలాగూ వేస్తున్నాం, వెయ్యి వేద్దాం’ అనే మాట పుడుతుంది. కాపీ ధర తగ్గుతుంది, నిజమే. కానీ అమ్ముడుపోని కాపీకి ధరెంతైతే ఏం? డిజిటల్ ప్రింటులో వందకైనా మూడు వందలకైనా పేజీ రేటు పెద్దగా మారదు. పాఠకులు మూడు వందలకు మించరని తోస్తే డిజిటల్, ఐదు వందలకు నమ్మకం ఉంటే ఆఫ్‌సెట్. మొదటి పుస్తకానికే వెయ్యి కాపీలు వేయించేవాళ్లను ఆపడం స్నేహితుల బాధ్యత.

ఇక డబ్బు. డీటీపీ, ప్రూఫులు, కవరు, కాగితం, అచ్చు, బైండింగ్, రవాణా అన్నీ కలిపి 40 వేలు అయిందనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే, రేట్లు ప్రెస్సును బట్టి మారతాయి. 500 కాపీలకు 40 వేలంటే కాపీకి 80 రూపాయలు. వెల 200 పెట్టాం. పుస్తకాల షాపు 40 శాతం కమీషన్ తీసుకుంటే మనకు వచ్చేది 120. రచయితకు వెల మీద పది శాతం, అంటే 20 రూపాయలు పోతే మిగిలేది వంద. పెట్టుబడి తిరిగి రావాలంటే 400 కాపీలు అమ్ముడుపోవాలి. రచయిత కాపీలు, సమీక్షకు పంపేవి, మొహమాటపు కాపీలు కలిపి యాభై పోతాయి కాబట్టి మిగిలిన 450లో 400. అదీ షాపులో అప్పు ఖాతా మీద వేసి, డబ్బులు వసూలు చేసుకుని. ఖని నుంచి హైదరాబాదు వెళ్లి రెండు వేల బకాయి వసూలు చేసుకు రావడానికి ఎంత ఖర్చవుతుందో ఎవరికి వారు వేసుకోవచ్చు.

అదే పుస్తకాన్ని పాఠకుడికి నేరుగా 20 శాతం తగ్గించి 160కి ఇస్తే, రచయిత వాటా పోను 140 మిగులుతుంది. అప్పుడు 286 మంది చాలు. పోస్టు ఖర్చు కొనేవాళ్లది. చిన్న ప్రచురణకర్త బతకడం, మూతపడడం ఈ రెండు లెక్కల మధ్యే తేలుతుంది. షాపు వద్దని కాదు. షాపును నమ్ముకుని పుస్తకం వేయకూడదు.

పాఠకుడికి నేరుగా అమ్మడం కొత్త ఉపాయమేం కాదు. నల్గొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. దేశోద్ధారక అన్నది ఆ ఏడాదే కన్నుమూసిన కాశీనాథుని నాగేశ్వరరావు బిరుదు. నిజాం రాజ్యంలో తెలుగు చదువే తక్కువ, తెలుగు పుస్తకాల షాపులు ఇంకా తక్కువ. ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. ఆయనను నవలాకారుడిగా, ఉద్యమకారుడిగా తలచుకుంటాం గానీ ఆయన పంపిణీదారు కూడా. పుస్తకం ఎవరి చేతికి పోతోందో ప్రచురణకర్త కళ్లారా చూడడం వల్ల తర్వాతి పుస్తకం ఏది వేయాలో తెలుస్తుంది. అంతకు ముందు 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి చందాదారుల మీద ఆధారపడింది. ఎమెస్కో వాళ్ల ఇంటి గ్రంథాలయ పథకం సభ్యుల ఇళ్లకు పుస్తకాలు చేర్చింది. దారులు వేరైనా చేసింది ఒకటే: పాఠకుణ్ణి ముందు పట్టుకుని, పుస్తకం తర్వాత వేయడం. ఇవాళ వాట్సాప్ గ్రూపులో కవరు పేజీ పెట్టి, ముందస్తుగా ఫోన్‌పే చేసినవాళ్ల పేర్లు నోట్‌బుక్కులో రాసుకునేవాళ్లు చేస్తున్నదీ అదే. ఆ నోట్‌బుక్కే సంస్థకు అసలు ఆస్తి. పేరు, ఫోను, ఏ పుస్తకం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, డబ్బు వచ్చిందా లేదా అన్నవి అందులో ఉండాలి.

బొగ్గుబెల్టుకు రెండు ప్రత్యేకతలున్నాయి. ఒకటి, డబ్బుకు ఇక్కడ ఒక క్యాలెండరు ఉంది. సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా దసరా ముందు ప్రకటిస్తారు. 2024లో అది 33 శాతం, 2025లో 34 శాతం. దీపావళికి బోనస్ వేరే. బంగారం దుకాణాలు, బైకుల షోరూములు నెల ముందే తోరణాలు కట్టుకుంటాయి. పుస్తకాలవాళ్లం మాత్రం డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటాం. ఖనిలో పుస్తకం సెప్టెంబరులో రావాలి. అయితే ఈ డబ్బు పర్మినెంటు కార్మికులదన్నది మరిచిపోకూడదు. కాంట్రాక్టు కార్మికులకు ఆ సందర్భంగా 2024లో మొదటిసారి ఇచ్చింది తలా ఐదు వేలు. వాళ్లకోసం 200 రూపాయల పుస్తకం కాదు, 30, 40 రూపాయల చిన్న పుస్తకం కావాలి. సభల దగ్గర పాటల పుస్తకాలు కొనే అలవాటు ఈ ప్రాంతానికి కొత్తదేం కాదు.

రెండోది, పాఠకులు ఊరు వదిలిపోతున్నారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు పర్మినెంటు ఉద్యోగులు సుమారు నలభై వేలు. రిటైరైనవాళ్లు క్వార్టరు ఖాళీ చేసి కరీంనగరుకో, హైదరాబాదుకో, కొడుకు ఉద్యోగం చేసే చోటికో వెళ్లిపోతారు. యైటింక్లైన్ కాలనీలో పాతికేళ్లున్న మనిషికి గని కథ మీద ఆసక్తి హైదరాబాదు వెళ్లాక తగ్గదు, పెరుగుతుంది. తీరిక దొరుకుతుంది, పెన్షనూ వస్తుంది. నన్నడిగితే ఈ ప్రాంతపు ప్రచురణకర్తకు గట్టి పాఠకులు వాళ్లే. వాళ్లు ఏ షాపుకూ రారు, పోస్టు ద్వారానే చేరాలి.

పోస్టు విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి. దశాబ్దాలుగా పుస్తకాలవాళ్లను ఆదుకున్న బుక్‌పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపేసింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోలకైతే 100, పన్ను అదనం. మన 160 పేజీల పుస్తకం 70 జీఎస్‌ఎం కాగితం మీద వేస్తే కవరుతో కలిపి సుమారు 190 గ్రాములు. ప్యాకింగుతో కూడా 300 లోపే. అదే పుస్తకాన్ని మందపాటి కాగితం మీద, గట్టి అట్టతో వేయిస్తే గీత దాటుతుంది. కాగితం ఎంచుకునేటప్పుడే తూకం చూసుకోవాలి.

ఏ పుస్తకాలు వేయాలన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్టును గమనిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’, ఇంకా ‘వైద్యుడు లేనిచోట’ లాంటి పుస్తకాలను ఏళ్ల తరబడి పాఠకులు అడిగి కొన్నారు. ఇలా ఏటా నిలకడగా పోయే పుస్తకం ఒక్కటుంటే, మెల్లగా పోయే కవిత్వాన్నీ పరిశోధననూ అది మోస్తుంది. ఖనిలో అలాంటి పుస్తకం ఏది కావచ్చు? గనిలో పని పర్యవేక్షించే సర్దార్, ఓవర్‌మన్ సర్టిఫికెట్ల పరీక్షలు గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ పెడుతుంది. వాటికి చదివే కుర్రాళ్లు గని ప్రాంతాల్లో ఎప్పుడూ ఉంటారు. గాలి, గ్యాసు, రూఫ్ సపోర్టు, 2017 నాటి బొగ్గుగనుల నిబంధనలు, ఇవన్నీ తేట తెలుగులో చెప్పే పుస్తకం అనుభవమున్న రిటైర్డ్ ఓవర్‌మన్ చేత రాయిస్తే, అది సంస్థకు జీతం బత్తెం లాంటిది. ‘సాహిత్యం వేద్దామని వచ్చి గైడ్లు వేయాలా’ అని ముఖం చిట్లించేవాళ్లుంటారు. గైడు తప్పుల్లేకుండా వేయడం కవితా సంపుటి వేయడం కన్నా కష్టం. నిబంధనలు మారినప్పుడల్లా సవరించాలి కూడా.

కథల విషయంలో ఈ నేలకు కరువు లేదు. మంథని పక్కనుంచి వచ్చిన అల్లం రాజయ్య ‘కొలిమి అంటుకున్నది’ రాసి నాలుగు దశాబ్దాలు దాటింది. రాయాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి: 1961లో రామగుండంలో మొదటి గని తెరుచుకున్నప్పుడు వచ్చినవాళ్ల జ్ఞాపకాలు, ఓపెన్‌కాస్టు కింద పోయిన ఊళ్లు, క్వార్టర్లలో ఆడవాళ్ల బతుకు. వీటిని హైదరాబాదు సంస్థలు వెతుక్కుంటూ రావు. వచ్చినా, గనిలో డిప్పు (దిగువ) ఎటో రైజు (ఎగువ) ఎటో తెలియని ప్రూఫ్ రీడరు చేతిలో పడితే అర్థం తలకిందులవుతుంది. ప్రూఫులు ఒకసారి తెలుగు బాగా వచ్చినవాళ్లు, ఒకసారి గనిలో దిగినవాళ్లు చూడాలి.

కాగితాల పనులు త్వరగా ముగించుకోవచ్చు. ఐఎస్‌బీఎన్ నంబరును రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, బ్రోకరుకు రూపాయి ఇవ్వక్కర్లేదు. 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకు మన ఖర్చుతో ఒక్కో కాపీ పంపాలి. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. కాగితం మీద, అచ్చు పని మీద ఉంటుంది, అలా కట్టింది వెనక్కి రాదు, ఖర్చులోనే కలుస్తుంది. గ్రంథాలయాల కోసం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు వసూలవుతుంది గానీ, ఆ డబ్బుతో పుస్తకాల కొనుగోళ్లు ఎప్పుడు మొదలవుతాయో, బిల్లు ఎప్పుడొస్తుందో ముందే చెప్పలేం. దరఖాస్తు పెట్టండి. ఆ బిల్లును మాత్రం పెట్టుబడి లెక్కలో వేసుకోకండి.

రచయితతో ఒప్పందం రెండు పేజీల్లోనైనా రాసుకోవాలి. ఒకే వాడకట్టు మనుషులం, కాగితాలెందుకని మొహమాటపడతాం. హక్కులు రాసిచ్చిన ఒప్పందంలో గడువు లేకపోతే ఐదేళ్లేననీ, ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశం వరకేననీ కాపీరైటు చట్టమే అంటోంది. ఎన్ని కాపీలు, ఎన్నాళ్లు, రచయిత వాటా ఏ నెలలో ఇస్తారు అన్న మూడూ అందులో ఉంటే చాలు. రచయిత దగ్గర డబ్బు తీసుకుని పుస్తకం వేసే పద్ధతి తప్పని నేననను, కాకపోతే అది ప్రింటింగు సేవ. ఆ మాట ముందే చెప్పి బిల్లు ఇవ్వాలి. సంస్థ పేరు పెట్టి, ఖర్చు రచయిత మీద వేసి, అమ్మే బాధ్యత కూడా ఆయనకే వదిలేస్తే ఆ సంస్థ చేసిన పనేమిటి?

చివరిగా, చాలామంది మరిచేది ఒకటుంది. పుస్తకం అచ్చయ్యాక డీటీపీ ఆపరేటరు దగ్గర పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని రావద్దు. పేజ్‌మేకరైనా ఇన్‌డిజైనైనా, మార్పులు చేయడానికి వీలున్న అసలు ఫైలు, వాడిన అను ఫాంట్ల వివరం, కవరు లేయర్ల ఫైలు మూడూ అడిగి తీసుకోవాలి. ఆ ఫైళ్లు ఇవ్వడం బిల్లులో భాగమని పని అప్పజెప్పే రోజే మాట్లాడుకోవాలి. వీలైతే యూనికోడ్‌లోకి మార్చిన కాపీ కూడా పెట్టుకోవాలి, మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి కాబట్టి దాన్ని మళ్లీ చదవాలి. మూడేళ్లకు కాపీలన్నీ అయిపోయి, నూట యాభై మంది అడుగుతున్నప్పుడు, ఆ ఫైలుంటే వారంలో డిజిటల్‌లో రెండో ముద్రణ వేయొచ్చు. లేకపోతే మళ్లీ మొదటి పేజీ నుంచి టైపు చేయించాలి.