పాత వలల తివాచీలు

చినిగిన వలను సముద్రంలో పారవేస్తే ఏమవుతుందో తెలుసా? నైలాను వల ఏళ్ల తరబడి కుళ్లదు. పట్టేవాడు లేకపోయినా చేపలూ, పీతలూ, తాబేళ్లూ దానిలో చిక్కుకుని చనిపోతూనే ఉంటాయి.

ఫిలిప్పీన్స్ దీవులలో దనహోన్ అనే పెద్ద పగడపు దిబ్బ ఉన్నది. 2012లో ఇంటర్‌ఫేస్ అనే తివాచీల కంపెనీ, లండన్ జంతుశాస్త్ర సంఘం కలిసి, ఆ దిబ్బ దగ్గరి పల్లెలలో పాత వలలు కొనే ఏర్పాటు చేశాయి. జాలరులు వలలు ఏరి, కడిగి, తూకం వేసి అమ్మారు. స్లొవేనియాలో ఆక్వాఫిల్ కంపెనీవారు ఆ నైలానును కరగదీయటమే కాదు, దాని మూలపదార్థంగా విడగొట్టి, తిరిగి కొత్త దారం తీశారు. ఆ దారంతో తివాచీలు తయారయినవి.

చూశారా! జాలరికి నాలుగు డబ్బులు వచ్చాయి, కంపెనీకి ముడిసరుకు దొరికింది, చేపలకు ప్రాణగండం తగ్గింది. మీరూ ఏదైనా పారవేసే ముందు, అది ఇంకెవరికి ముడిసరుకో ఆలోచించండి.