తలుపులకు ముదురు రంగు: అందం, జాగ్రత్త

పండుగలు సమీపించగానే ఇంటికి రంగులు వేయించాలన్న ఆలోచన మన కుటుంబాలలో మొదలవుతుంది. ఆ ఆలోచన యావత్తూ గోడల చుట్టూనే తిరుగుతుంది. తలుపులు, ద్వారబంధాలు, కిటికీ చట్రాల సంగతి చివరికి మిగిలిన డబ్బుతో ముగిసిపోతుంది. నిజానికి గదికి రూపురేఖలు దిద్దేవి అవే. లేత గోడల నడుమ కాఫీ రంగు, బాటిల్ గ్రీన్, బొగ్గు రంగు వంటి ముదురు వర్ణం పూసిన కొయ్యపని కంటికి కాటుక వంటిది. కొత్త తలుపులు కొనకుండానే పాతవాటికి హుందాతనం వస్తుంది.

ఎక్కడ తగును, ఎక్కడ తగదు?

వెలుతురు తక్కువైన గదిలో ముదురు రంగు పనికిరాదని పలువురు భావిస్తారు. తలుపుకూ, ద్వారబంధానికీ పరిమితం చేస్తే గది చీకటి కాదు. అయితే కిటికీ లోపలి వైపు గోడ మందాన్ని తెల్లగానే ఉంచాలి; బయటి వెలుగు దానిపై పడి గదిలోకి ప్రసరిస్తుంది. పడమటి ఎండ తగిలే వీధి తలుపుకు ముదురు రంగు మంచిది కాదు. అది వేడిని అధికంగా పీల్చుకుంటుంది, పూత త్వరగా పగులుతుంది. బాగా మెరిసే పూత కొయ్యలోని ప్రతి గుంటనూ చూపుతుంది. మెరుపు లేనిది చేతి మరకలను పట్టి ఉంచుతుంది. పిల్లలున్న ఇంటికి మధ్యరకమైన శాటిన్ పూత మేలు.

పాత పూతలో పొంచి ఉన్న ప్రమాదం

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. ఇళ్ళకు వాడే రంగులలో సీసం 90 పీపీఎంకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్ రంగులలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులలో సీసం అధికంగా ఉండవచ్చు. పాత తలుపును పొడిగా గీకినా, మంటతో కాల్చినా ఆ విషం ధూళిగా, పొగగా ఇల్లంతా వ్యాపిస్తుంది. అది పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

కనుక పాత పూత గట్టిగా ఉంటే దాన్ని పూర్తిగా తొలగించనవసరం లేదు. తడిపి, నీటికి తట్టుకునే సాండ్‌పేపర్‌తో మెరుపు పోయేవరకు రుద్దితే చాలు. నేలపై ప్లాస్టిక్ పట్టా పరచాలి. పని ముగిశాక చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవాలి. గర్భిణులను, పిల్లలను ఆ రోజులలో ఆ గదికి దూరంగా ఉంచాలి.

తడి పూర్తిగా ఆరాక లప్పంతో గుంటలు పూడ్చి, బూడిదరంగు ప్రైమర్ వేయించండి; రేపు ఎక్కడైనా పెచ్చు ఊడినా అడుగు తెల్లగా బయటపడదు. ఒక పూత బాగా ఆరాకే రెండవది వేయాలి. పండుగ ముంచుకొచ్చిందని పనివారిని తొందరపెట్టకండి. రెండు వారాలు ముందే మొదలుపెడితే తలుపులూ నిలుస్తాయి, పిల్లలూ క్షేమంగా ఉంటారు.