తీగ లేకుండా కరెంటు వస్తుందా?

మైపాడు వైపు రొయ్యల గుంటల్లో నీళ్లు చిమ్మే ఏరియేటర్లకు కరెంటు తీగల మీదే రావాలి. గాల్లోంచి రాదా?

ఎందుకు రాదు! అమెరికా ఇంజనీరు విలియం బ్రౌన్ 1964లో నేల మీంచి మైక్రోవేవ్‌లు పంపి, ఓ బుల్లి హెలికాప్టర్‌ను 10 గంటలు ఎగరేశాడు. ఇంధనం లేదు. పక్కకు జారిపోకుండా తీగలు కట్టారు లెండి, వాటిలో కరెంటు లేదు!

కిటుకంతా దానికి అమర్చిన ‘రెక్టెన్నా’లో ఉంది. అందులోని చిన్న చిన్న యాంటెన్నాలు తరంగాలను పట్టుకుంటాయి. వాటిలో పుట్టే కరెంటు సెకనుకు కోట్లసార్లు దిశ మారుస్తుంది. డయోడ్లు దాన్ని ఒకే దిశలో పారేలా చేస్తాయి. మోటారు తిరుగుతుంది.

1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో సుమారు 1.5 కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకు పైగా అందించారు. చిక్కేమిటంటే, దూరం పెరిగేకొద్దీ తరంగాలు విచ్చుకుపోతాయి. అందుకే అక్కడ పంపడానికే 26 మీటర్ల డిష్ కావాల్సొచ్చింది.