ఎండకూ వానకూ నిలిచే జాలీ

మా మొహల్లా మస్జిదు వరండా కమానులకు కొన్నేళ్ళ క్రితం నగిషీ జాలీలు పెట్టించాము. ఎనిమిది కోణాల నక్షత్రాల అల్లిక. అస్ర్ వేళకు ఎండ వాటి గుండా చాపల మీద పడుతుంటే చూసినవారంతా మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచాయో లేదో, అడుగు పట్టీలు ఉబ్బి, తడిసిన అట్టలా పొరలు పొరలుగా విడిపోయాయి. విచారిస్తే తేలిందేమంటే, అది కర్రే కాదు. కర్రపొట్టును జిగురుతో అదిమి చేసిన ఎం.డి.ఎఫ్. బోర్డు. యంత్రం మీద సులువుగా తెగుతుంది, చవక, రంగు పూస్తే టేకులాగే కనిపిస్తుంది. గది లోపల అలమరాకు అది చాలు. వాన జల్లు కొట్టే చోట పనికిరాదు. ఆటో నడిపేవారు, బీడీలు చుట్టే స్త్రీలు ఇచ్చిన చందా అది. తక్కువ ధర చూసి సంతకం పెట్టిన కమిటీలో మేమూ ఉన్నాము.

రెండవసారి ఒక ముసలి వడ్రంగిని పిలిపించాము. ఆయన వరండా అంతా కలియతిరిగి, "మౌల్వీసాబ్, ఏ కర్ర అని అడుగుతున్నారు సరే, పడిన నీళ్ళు ఎటు పోవాలో ఆలోచించారా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ముందు కర్ర సంగతి చెప్పుకుందాం. టేకును ఉర్దూలో సాగ్వాన్ అంటాము, అరబీలో సాజ్. హజ్రత్ ఉస్మాన్ (రజి.) మస్జిదె నబవీని విస్తరించినప్పుడు పైకప్పును సాజ్‌తో వేయించారని సహీహ్ బుఖారీలో ఉంది. అరేబియా ఎడారిలో టేకు పెరగదు, ఓడల మీద రావలసిందే. తర్వాతి కాలంలో జిద్దా పాతబస్తీ ఇళ్ళకు 'రౌషన్' అనే చెక్క జాలీ కిటికీలు అమర్చారు. వాటికి వాడిన టేకులో మన దేశం నుంచి వెళ్ళినదీ ఉంది. సముద్రపు ఉప్పుగాలిని అవి తరాల తరబడి తట్టుకున్నాయి. 2014లో యునెస్కో ఆ బస్తీని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అయితే టేకు అన్న పేరొక్కటే చాలదు. మానులో బయటి తెల్లభాగం వేరు, లోపలి ముదురు చేవ వేరు. చెదలను, కుళ్ళును ఆపే సహజమైన నూనెలు చేవలోనే ఉంటాయి. త్వరగా కొట్టిన తోట టేకులో చేవ తక్కువ, తెలుపు ఎక్కువ. అందుకే కొనేటప్పుడు కర్ర కొస చూడాలి. వేగిస కూడా గట్టిదే గానీ తడిస్తే పసుపు రంగు వదులుతుంది, సున్నపు గోడ మీద మరకలు పడతాయి. నల్లమద్ది బలమైనదే, సన్నని చెక్కడానికి మాత్రం లొంగదు. మామిడి బయట నిలవదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి మెత్తనిది, దాని అందం ఇంటి లోపలే. మరి మెరైన్ ప్లైవుడ్? దాని జిగురు నీటికి ఊడదు, నిజమే. కానీ జాలీ అంటే వందల కోత అంచులు, ప్రతి అంచూ నీరు పీలుస్తుంది.

ఇక ఆ ముసలాయన అడిగిన నీళ్ళ సంగతి. కర్రను ఎక్కువగా కుళ్ళబెట్టేది మీద పడి జారిపోయే వాన కాదు, సందుల్లో నిలిచిపోయే తడి. మా పాత జాలీ నేలకు ఆనుకుని ఉండేది, వజూ నీళ్ళు కూడా అక్కడికే పారేవి. ఇప్పుడు చట్రాన్ని నేలకు 2 అంగుళాలు పైన నిలబెట్టించాము, అడుగు పట్టీని బయటికి వాలుగా చెక్కించాము. కర్ర కొసలు అన్నిటికంటే ఎక్కువ దాహం గలవి. కాబట్టి బిగించక ముందే వాటికి అవిసె నూనె పట్టించాలి. ఇనుప మేకులు తుప్పు పట్టి టేకు మీద నల్లమచ్చలు తెస్తాయి, ఇత్తడి మరలే మేలు.

మెరుపు వార్నిష్ మీద మాకూ మోజుండేది. ఎండ ఆ పారదర్శకపు పొర గుండా దిగి కర్ర పైభాగాన్ని చెడగొడుతుంది, వార్నిష్ పొట్టులా లేస్తుంది. ఏటేటా నూనె పూయడం నయం. పూయకున్నా టేకు బూడిదరంగుకు తిరుగుతుందే గానీ అది పైపై మార్పే. అన్నట్టు, అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, అవి వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. విప్పి ఆరబెట్టాలి.

ఉన్న డబ్బుకు 5 కమానుల్లో మూడింటికే టేకు జాలీ వచ్చింది. చవక బోర్డుతో మిగతావి కూడా పూర్తి చేద్దామని కొందరన్నారు, మేము ఒప్పుకోలేదు. ఆ రెంటికీ కావలసిన కర్రను ఈమధ్యే కొన్నాము. వరండా వెనుక నీడలో, అడ్డకర్రల మీద అది ఆరుతోంది.